బేస్‌మెంట్‌లో తెడ్డు వేస్తున్న మా చిన్నాకి

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

"వాడు ఇంట్లోకి పడవ కొనుక్కున్నాడట బావగారూ, అంతా మీ పోలికే" అని మీ అమ్మ ఫోన్లో అంది. పడవంటే నిజం పడవ కాదు, సీటు మీద కూర్చుని పిడి లాగితే గాలి చక్రం తిరిగే రోయింగ్ మెషీన్. అది పొగడ్తో దెప్పుడో నాకు తెలియలేదు. అంతలో మీ నాన్న ఫోన్ లాక్కుని, ఫిబ్రవరిలో ఏదో పోటీ ఉందనీ, 2000 మీటర్లు 7 నిమిషాల్లో కొడతానని నువ్వు అంటున్నావనీ చెప్పాడు. ఇప్పుడెంతలో చేస్తున్నాడురా అని అడిగితే 8 నిమిషాలన్నాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సగం సంతోషం. మన ఇంట్లో నా తర్వాత తెడ్డు మాట ఎత్తిన వాడివి నువ్వే. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో రెండు ముక్కలు రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు, నీ సంగతి నాకు తెలియదా.

నీ ఫొటో మీ అమ్మ నాకు పంపింది. రెండు వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాను. చక్రం పక్కన మీట 10 మీద ఉంది. భుజాలు చెవుల దాకా లేచాయి. మోకాళ్ళు ఇంకా ముడిచే ఉన్నాయి, మోచేతులు మాత్రం అప్పుడే వంగిపోయాయి. ఎవరో లాక్కుపోతారన్నట్టు పిడిని బిగించి పట్టుకున్నావు. చొక్కా బాగుంది.

ముందు ఆ మీట సంగతి. 10 మీద పెడితే ఎక్కువ కసరత్తు, 4 మీద పెడితే తక్కువ కసరత్తు అని జిమ్ముల్లో అందరూ అనుకుంటారు. అది తప్పు. ఆ మీట చేసేదల్లా చక్రం దగ్గరికి ఎంత గాలి వెళ్ళాలో చూడటమే. గాలి ఎక్కువైతే చక్రం త్వరగా మందగిస్తుంది, నీకు బరువుగా తగులుతుంది. కానీ లాగుకీ లాగుకీ మధ్య చక్రం ఎంత త్వరగా మందగిస్తోందో మానిటర్ చూసుకుంటూనే ఉంటుంది, దాన్నిబట్టే నీ లెక్క కడుతుంది. అంటే 10 మీద పెట్టినందుకు నీకు ఒక్క మీటరు కూడా ఊరికే కలిసిరాదు. నడుము మీద భారం మాత్రం కలిసొస్తుంది. 3కీ 5కీ మధ్య పెట్టుకుని, ఇక దాన్ని ముట్టుకోకు.

తిన్న వెంటనే ఎక్కకు, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకో, కాలి పట్టీ వేళ్ళ కణుపుల మీదుగా రావాలి, అరచేతిలో బొబ్బలొస్తే గిల్లకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. మీ నాన్న నడుం నొప్పి.

ట్రంకు పెట్టె ఎత్తబోతే పట్టేసిందని కదా మీకు చెప్పాడు. ఊళ్ళో అందరికీ అదే చెప్పాడు. నేను పూణేలో సైన్యం రోయింగ్ శిక్షణ కేంద్రంలో ఉన్న రోజుల్లో వాడు నన్ను చూడటానికి వచ్చాడు. అప్పటికి నువ్వు ఇంకా అక్షరాలు దిద్దుతున్నావు. మీ నాన్న అప్పుడు ఎలా ఉండేవాడో నీకు గుర్తుండదు. వడ్ల బస్తాని ఒక్క ఊపున భుజానికెత్తి మిల్లు మెట్లెక్కేసేవాడు. సాయంత్రం మా కుర్రాళ్ళు ఎర్గో మీద, అంటే నీ దగ్గరున్నలాంటి మెషీన్ మీద, టెస్ట్ ఇస్తున్నారు. ఒక్కొక్కడూ అయిపోయాక నేల మీద పడి రొప్పుతున్నాడు. మీ నాన్న కాసేపు చూసి, "ఇంతేనా?" అన్నాడు.

అంతే, కుర్రాళ్ళు పట్టుకున్నారు. రండి అన్నగారూ, కూర్చోండి అన్నారు. ఎవడో మీట 10కి తోశాడు. మీ నాన్న చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి కూర్చున్నాడు. మొదటి 300 మీటర్లు మా వాళ్ళలో సగం మంది కంటే వేగంగా లాగాడు. చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను, ఎందుకు కొట్టను, నా తమ్ముడు. 600 మీటర్లు దాటాక చూస్తే సీటు ముందే వెనక్కి జారిపోతోంది, భుజాలు మాత్రం అక్కడే ఉండిపోతున్నాయి. కాళ్ళు తోస్తున్నాయి గానీ ఆ తోపు పిడి దాకా రావడం లేదు. పిడిని మొత్తం నడుముతోనే లేపుకుంటున్నాడు. వీపు కొడవలిలా వంగిపోయింది. మా ఉస్తాద్, అంటే మాకు నేర్పే ఆయన, "బస్, బస్" అంటున్నాడు. వాడు వినలేదు. అంతమంది చూస్తుంటే మధ్యలో పిడి వదిలేస్తే పరువు ఏమవుతుంది? 1200 దగ్గర ఎప్పుడో ఊపిరి పీల్చినట్టు ఒక చిన్న శబ్దం చేశాడు. అయినా ఆపలేదు. 2000 అయ్యాకే ఆపాడు.

లేవబోతే లేవలేకపోయాడు. మర్నాడు పొద్దున చెప్పులు తొడుక్కోవడానికి వంగలేక గోడ పట్టుకుని నిలబడ్డాడు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్త్ ఇప్పించి, పక్కన ఒక జవాన్ని తోడిచ్చి విజయనగరం పంపాను. "వదినకి గానీ, ఇంట్లో ఎవరికీ గానీ చెప్పకు అన్నయ్యా" అని రైలు కదిలేదాకా అదే పాట. అదే పెట్టె కథ. ఆ నొప్పి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ నాట్ల కాలంలో రెండు రోజులు మంచం మీద ఉంటాడు, అవునా?

మీ నాన్నకి బలం లేక జరగలేదు చిన్నా అది. బలం ఎక్కువై జరిగింది. బలమున్నవాడు పద్ధతి లేకుండానే కొంత దూరం పోగలడు, అదే వాడి కొంప ముంచుతుంది. నీకు మీ నాన్న భుజాలు వచ్చాయి. మొండితనం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. పైగా వాడు పగలంతా పొలంలో వంగి లేచేవాడు, నువ్వు పగలంతా కుర్చీలో కూలబడి కంప్యూటర్ చూస్తావు. ఆ కుర్చీలోంచి లేచి తిన్నగా మెషీన్ ఎక్కుతున్నావని మీ ఆవిడ మీ అమ్మతో అందట. ఎక్కకు. పది నిమిషాలు ఇల్లంతా నడిచి, తుంటి దగ్గర నాలుగుసార్లు వంగి లేచి, అప్పుడు ఎక్కు.

లాగేటప్పుడు వరస ఒకటే: కాళ్ళు, తర్వాత నడుము, చివర చేతులు. తిరిగి ముందుకొచ్చేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుము, ఆఖర్న మోకాళ్ళు. పని చాలామటుకు తొడలదే. చేతులు తాళ్ళు మాత్రమే, కాళ్ళు తోసినంతసేపూ చాచే ఉండాలి. ముందుకు వంగడం తుంటి దగ్గర జరగాలి, నడుము దగ్గర కాదు. లాగడానికి ఎంతసేపు పడుతుందో, ముందుకు రావడానికి దానికి రెట్టింపు తీసుకో. కొత్తవాళ్ళందరూ సీటు మీద ముందుకు దూసుకొస్తారు, అదొక తొందర. నీటి మీదైతే ఆ దూకుడుకి పడవ వేగం పడిపోయి మనకే తెలుస్తుంది. మెషీన్ మీద తెలియదు, అక్కడ నిన్ను ఎవరూ తిట్టరు. కాలి పట్టీలు విప్పేసి పది నిమిషాలు మెల్లగా లాగి చూడు. కుదురు లేకపోతే వెనక్కి పడబోతావు, అదే నీకు ఉస్తాద్.

ఇక ఆ 7 నిమిషాల మాట. 8 నిమిషాలంటే 500 మీటర్లకి 2 నిమిషాలు. మెషీన్ లెక్కలో అది సుమారు 203 వాట్లు. 7 నిమిషాలంటే 500కి 1:45, సుమారు 302 వాట్లు. నిమిషమే కదా అనుకుంటున్నావు, కానీ శక్తి ఒకటిన్నర రెట్లు కావాలి. వేగం కొంచెం పెంచితే శక్తి దాని ఘనంతో పెరుగుతుంది, నువ్వు ఇంజినీరువి, నీకు నేను చెప్పాలా. ఇది రెండున్నర నెలల్లో కసిగా సాధించే పని కాదు. ఈ ఫిబ్రవరికి 7:40 వస్తే నేను ఇక్కడ వీధంతా మిఠాయి పంచుతాను. 7 నిమిషాలు ఇంకో చలికాలానికి ఉంచు.

వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు మెల్లగా, నిమిషానికి 18, 20 లాగులు, అరగంట. మీ ఆవిడ పైనుంచి ఏదైనా అడిగితే ఆయాసం లేకుండా పూర్తి వాక్యంలో జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టు. మిగతా ఒక రోజు 500 మీటర్లు నాలుగుసార్లు గట్టిగా, మధ్యలో మూడేసి నిమిషాలు విశ్రాంతి. 2000 మీటర్ల టెస్ట్ నెలకొకసారి. నువ్వు రోజూ టెస్ట్ ఇస్తున్నావని నా అనుమానం. రోజూ తూకం వేసుకుంటే ఎవడూ బలవడు.

నెలన్నర తర్వాత నీకు విసుగొస్తుంది. ముందే చెప్తున్నాను, మంచివాళ్ళకీ వస్తుంది. సైన్యంలో మద్రాస్ శాపర్స్ అనే ఇంజినీర్ల దళంలో చేరిన కొత్తలో బెంగుళూరు అల్సూరు చెరువు మీద నలుగురి పడవలో నాది మూడో సీటు. తెల్లవారకముందే లేవాలి, తెడ్డుకి గుర్రపుడెక్క చుట్టుకునేది, విదిలించుకుంటూ పోయేవాళ్ళం. నాకేమైనా ఉత్సాహం ఉండి లేచాననుకున్నావా? నేను వెళ్ళకపోతే మిగతా ముగ్గురూ గట్టు మీద నిలబడాలి, అందుకని లేచాను. నీకు ఆ ముగ్గురూ లేరు. మోటివేషన్ వీడియోలు చూస్తే వాళ్ళు రారు. నువ్వే ఎవరినో ఒకరిని పెట్టుకోవాలి. ఆఫీసులో ఒక స్నేహితుడుంటే ఇద్దరూ ఒకే టైముకి ఫోన్ పెట్టుకుని లాగండి. మనసు రాని రోజున పది నిమిషాలకే అని కూర్చో. పది కాగానే లేవాలనిపిస్తే లే, తప్పేం లేదు, మర్నాడు మళ్ళీ కూర్చుంటే చాలు. ఒక నోటుబుక్కు పెట్టి తారీఖు, మీటర్లు, నిమిషానికి ఎన్ని లాగులో, నడుము ఎలా ఉందో రాయి. నడుము సంగతి తప్పకుండా రాయాలి.

చెరువులో పెరగలేదు, నాకేం తెలుసు అని మాత్రం అనకు. 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి రోయింగ్‌లో మొదటి బంగారు పతకం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్. 2016 రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కడే రెండు తెడ్లతో నడిపే పడవ పోటీలో, 13వ స్థానంలో వచ్చిన దత్తు భోకనల్‌ది నాసిక్ జిల్లాలో కరువు ఊరు, తండ్రితో కలిసి బావులు తవ్విన కుర్రాడు. ఇద్దరూ ఫౌజులోకి వచ్చాకే తెడ్డు పట్టారు. నీ మెషీన్ కథ కూడా అంతే. అమెరికాలోని వెర్మాంట్‌లో తెడ్లు చేసే ఇద్దరు అన్నదమ్ములు, చలికాలం నీళ్ళు గడ్డకడితే సాధన ఎలాగ అని 1981లో సైకిల్ చక్రంతో మొదటిది తయారు చేశారు. నువ్వుంటున్న మిన్నియాపాలిస్ లాంటి చలికి పుట్టిన వస్తువే అది.

ఇంకొకటి, దీనికి విసుక్కోకు. మీ తాతకి షుగర్, నాకు షుగర్, మీ నాన్నకి బీపీ. నీకు ముప్పై దాటాయి. గట్టి ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి ఒకసారి చూపించుకో. షుగర్ ఉంటే అన్నీ మానేయాలని కాదు. బ్రిటన్ రోయర్ స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కి 1997లో షుగర్ బయటపడింది, 2000లో సిడ్నీలో అయిదో ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడు. తెలుసుకుని, ఇన్సులిన్ తీసుకుంటూ గెలిచాడు. ఛాతీలో పట్టేసినా, కళ్ళు తిరిగినా, ఊపిరి తీస్తే పక్కటెముకల్లో గుచ్చినా అక్కడికక్కడే పిడి వదిలేయాలి. ఎంతమంది చూస్తున్నా సరే.

పోటీ రోజున మొదటి పది లాగులు చాలా తేలిగ్గా ఉంటాయి, వాటిని నమ్మకు. 500 మీటర్లకి నువ్వనుకున్న సమయానికి (స్ప్లిట్‌కి) వెంటనే దిగిపో. 1000 దాటాక వదిలేద్దామనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది, 1500 దాకా కాళ్ళని మాత్రమే తలచుకో. ఉన్నదంతా ఆఖరి 300కి దాచుకో.

ఈ ఆదివారం ఫోన్‌ని సీటు ఎత్తులో పక్కగా పెట్టి, మెల్లగా ఇరవై లాగులు వీడియో తీసి పంపు. ముందునుంచి తీస్తే ఏమీ కనపడదు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు, మీ నాన్న చూస్తే సలహాలు మొదలుపెడతాడు, వాడి ముందు నేను నవ్వు ఆపుకోలేను. మీ ఆవిడని కూడా కూర్చోబెట్టు. మీట 3 మీద పెట్టి వరస చెప్పు చాలు. నీకంటే తనే పద్ధతిగా లాగుతుందని నాకెందుకో గట్టి నమ్మకం.

మీ పెదనాన్న