విమానం నేర్పే గంటకు ఎంత తీసుకోవచ్చు?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను. అమెరికా పౌరుణ్ని, ఐటీ ఉద్యోగిని. బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది. ఏ ఫ్లయింగ్ స్కూల్లోనూ చేరకుండా వారాంతాల్లో సొంతంగా నేర్పాలనుకుంటున్నాను. మొదటి విద్యార్థి మన తెలుగాయనే. గ్రీన్‌కార్డు ఉంది, సొంత బొనాంజా విమానం ఉంది, అలా పరికరాలతో నడిపే అర్హత, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. "మనవాడివే కదా, ఎగిరిన గంటకు 50 డాలర్లు ఇస్తాను" అంటున్నారు. మా ఎయిర్‌పోర్టు ఇన్‌స్ట్రక్టర్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరూ 90కి తగ్గకూడదని మాట అనుకుంటున్నారు. చట్టప్రకారం ఎంత తీసుకోవచ్చు?

జవాబు: గంటకు ఇంతే తీసుకోవాలని ఎఫ్ఏఏ రూల్ ఏదీ లేదు. టెక్సస్ చట్టమూ చెప్పదు. రేటు మీ ఇష్టం, ఒప్పుకోవడం ఆయన ఇష్టం. కానీ ఆ వాట్సాప్ గ్రూపు విషయం ముందు తేల్చుకోండి. సొంతంగా నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు చట్టం దృష్టిలో ఒకరికొకరు పోటీదారులు. పోటీదారులు కలిసి ధర ఖాయం చేసుకోవడం 1890 నాటి షెర్మన్ చట్టం కింద నేరం. వ్యక్తులకు 10 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల డాలర్ల దాకా జరిమానా ఉన్నాయి. నలుగురు ఇన్‌స్ట్రక్టర్ల మీదికి ఎవరొస్తారులే అనిపించొచ్చు. కానీ "అందరం 90కి తగ్గొద్దు" అనే మాట మెసేజ్ రూపంలో ఉంటే అదే సాక్ష్యం. ఆ చర్చలో థమ్సప్ కూడా పెట్టకండి. "నా రేటు నేను విడిగా నిర్ణయించుకుంటాను" అని ఒక్క వాక్యం రాసి బయటికి వచ్చేయండి. నోటీసు బోర్డు మీదో వెబ్‌సైట్‌లోనో అందరికీ కనిపించేలా పెట్టిన రేట్లు చూసి, మీ అంతట మీరు 90 అనుకుంటే తప్పు లేదు.

ఇక అసలు సంగతి. 50 తక్కువా 90 ఎక్కువా అనేదానికన్నా, "ఎగిరిన గంటకు" అన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అంటే ఇంజిన్ నడిచిన సమయాన్ని లెక్కించే హాబ్స్ మీటరు తిరిగినంతసేపే డబ్బు. ఒక మామూలు ఇన్‌స్ట్రుమెంట్ పాఠం తీసుకోండి. ముందు వాతావరణం, రన్‌వేకి దిగే దారి చూపే అప్రోచ్ చార్టులు కూర్చుని చూడాలి. తర్వాత ప్రీఫ్లైట్, అంటే ఎగిరే ముందు విమానం తనిఖీ. విమానంలో 1.6 గంటలు. దిగాక హోల్డింగ్‌లో, అంటే గాలిలో చక్కర్లు కొడుతూ ఆగేటప్పుడు, ఎక్కడ దారి తప్పారో కాగితం మీద గీసి చెప్పాలి. మొత్తం 3 గంటలు ఎయిర్‌పోర్టులో, రానూపోనూ కారులో ఇంకో గంట. ఎగిరిన గంటకు 80 చొప్పున తీసుకున్నా చేతికొచ్చేది 128 డాలర్లు. 4 గంటలకు పంచితే గంటకు 32. ఇందులోంచే ఇన్సూరెన్స్, పన్ను, పెట్రోలు పోవాలి. అదే 80ని ఎయిర్‌పోర్టులో ఉన్న 3 గంటలకూ వేస్తే 240, అంటే గంటకు 60.

ఇది లాభం లెక్క మాత్రమే కాదు. ఇంజిన్ తిరిగితేనే డబ్బు అనుకుంటే, మబ్బు కిందికి దిగుతున్న రోజు "ఇవాళ వద్దు" అనడానికి నోరు రాదు. రేపు ప్రమాదం జరిగితే, అవతలి లాయరు మీ బిల్లింగ్ పద్ధతిని ముందు పెట్టి, ఎగరకపోతే మీకు నష్టం కాబట్టే బయల్దేరారని వాదిస్తాడు. విమానంలో ఇన్‌స్ట్రక్టర్ ఉంటే బాధ్యత ఇన్‌స్ట్రక్టర్‌దేనన్న ధోరణి రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ ముందుకొచ్చిన కేసుల్లో బలంగా ఉంది. అందుకే నా సలహా ఇది: ఎయిర్‌పోర్టులో కలిసిన క్షణం నుంచి విడిపోయేదాకా ఒకటే రేటు, నేల మీదైనా గాలిలోనైనా. వచ్చాక వాతావరణం బాగోలేకపోతే ఆ సమయాన్ని గ్రౌండ్ పాఠంగా వాడుకుని కనీసం గంటన్నరకు బిల్లు వేయండి. ఇంటి దగ్గరే వాతావరణం చూసి మానుకుంటే ఏమీ తీసుకోవద్దు. వేరే కారణంతో 24 గంటల లోపు రద్దు చేస్తే ఎంత ఇవ్వాలో ముందే రాసుకోండి.

"మనవాడివే కదా" అన్నందుకు మీరు మొహమాటపడుతున్నట్టున్నారు. రాయితీ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ పూర్తి రేటు రాసి, ఇంత తగ్గించామని బిల్లులో చూపించండి. ఎవరి నోటా రాని, ఎక్కడా రాయని రేటు స్నేహాన్ని చెడగొట్టినట్టు ఇంకేదీ చెడగొట్టదు. నా దగ్గరికి వచ్చే చిన్న తగాదాల్లో ఎక్కువ ఇవే.

రెండు పనులు మాత్రం ఎప్పుడూ చేయకండి. బాకీ ఉన్నారని లాగ్‌బుక్‌లో సంతకం ఆపకూడదు. శిక్షణ ఇచ్చాక సంతకం పెట్టడం ఎఫ్ఏఏ 61.189 నిబంధన కింద మీ విధి. బాకీ కావాలంటే చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లండి. అలాగే "చెక్‌రైడ్ (రేటింగ్ కోసం పెట్టే చివరి పరీక్ష) పాసైతే ఇంత అదనం" అనే ఒప్పందం వద్దు. చెక్‌రైడ్‌కు సిఫారసు చేయడం మీ వృత్తిపరమైన నిర్ణయం, దానికి ధర కట్టకూడదు. ఇక శని, ఆదివారాల్లో పాఠాలు గుదిగుచ్చేటప్పుడు, ఏ 24 గంటల్లోనైనా విమానంలో ఇచ్చే శిక్షణ 8 గంటలు దాటకూడదని గుర్తుంచుకోండి.

ఆయన విమానం కాబట్టి ప్రతి 100 గంటల వాడకానికోసారి చేయించాల్సిన తనిఖీ మీ నెత్తిన పడదు. డబ్బు తీసుకుని నేర్పేటప్పుడు విమానాన్ని ఇన్‌స్ట్రక్టరే సమకూర్చితేనే అది వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ మాత్రం వేరే కథ. ఆయన పాలసీ ఆయన్ని కాపాడుతుంది, మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. విమానం దెబ్బతింటే కంపెనీ ఆయనకు డబ్బు కట్టి, ఆ మొత్తం కోసం మీ మీద దావా వేయొచ్చు. కాబట్టి పాలసీలో మిమ్మల్ని పేరుతో చేర్చి, అలా దావా వేసే హక్కును (సబ్రొగేషన్) కంపెనీ వదులుకున్నట్టు రాతపూర్వకంగా తెప్పించమనండి. దీనితోపాటు మీకంటూ ఇన్‌స్ట్రక్టర్ పాలసీ తీసుకుని ఆ ప్రీమియాన్ని రేటులో కలపండి. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టినా మీ సొంత నిర్లక్ష్యం నుంచి అది కాపాడదు. విద్యార్థితో విడుదల పత్రం (ప్రమాదం జరిగినా దావా వేయనని రాసిచ్చేది) రాయించుకుంటే, "నా నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే" అన్న సంగతి స్పష్టంగా, కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండాలి. లేకపోతే టెక్సస్ కోర్టులు దాన్ని పక్కన పెట్టేస్తాయి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. ఖర్చులు పోను మిగిలింది పన్ను రిటర్నులో సొంత వ్యాపార ఆదాయం రాసే షెడ్యూల్ సీలో చూపాలి. అది 400 డాలర్లు, లేదా అంతకు మించితే, అందులో 92.35 శాతం మీద 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను ఉంటుంది. మీ జీతం సోషల్ సెక్యూరిటీ పరిమితిని, అంటే 2025లో 1,76,100 డాలర్లను, దాటి ఉంటే అందులో 12.4 శాతం భాగం పడదు. క్యాష్‌గా ఇచ్చినా చూపాల్సిందే. ఐటీ కంపెనీలో బయటి పనుల పాలసీ, ఎయిర్‌పోర్టులో వ్యాపార అనుమతి నిబంధనలు కూడా ముందే చదవండి. హెచ్‌1బీ మీద ఉండి ఇదే ఆలోచనలో ఉన్న మిత్రులకు మాత్రం ఈ రేటు లెక్కలేవీ పనికిరావు. వీసా స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప వేరేచోట డబ్బుకు పనిచేస్తే హోదాకే ముప్పు.

చివరిగా, మీ విద్యార్థికి గ్రీన్‌కార్డు ఉన్నా ఆయన అమెరికా పౌరుడు కాదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ శిక్షణకు రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి కావాలి. దానికి ముందు మీరు శిక్షణదాతగా టీఎస్ఏ పోర్టల్‌లో నమోదు కావాలి, రికార్డులు 5 ఏళ్లు దాచాలి. ఆ కాగితాల పనికి పట్టే సమయమూ రేటులోకి వస్తుందని ఆయనతో ముందే చెప్పండి. అనుమతి వచ్చేదాకా ఆయన్ని విమానంలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టకండి. ఈలోపు ఒప్పందం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి సబ్రొగేషన్ వదులుకున్న ఆ ఉత్తరం తెప్పించుకోండి.