ఆరాధనలో నాటిక వేయొచ్చా? సంఘంలో నాటికలు వేయించేవాడిగా నా జవాబు

వందనాలండి. మీరు అడిగింది ఇది: యవ్వనస్థులు ఆదివారం ఆరాధనలో ప్రసంగానికి ముందు చిన్న నాటిక వేస్తామంటున్నారు. పెద్దల్లో కొందరు "ఇది లోకరీతి, మందిరంలో వేషాలేంటి" అంటున్నారు. పాస్టర్ గారు ఎటూ తేల్చలేదు. ఇంతకీ ఆరాధనలో నాటకానికి చోటుందా, లేదా?

నా మాట ముందే చెప్పేస్తాను. సంఘ జీవితంలో నాటకానికి చోటుంది, కావలసినంత ఉంది. ఆదివారం ఆరాధన క్రమంలో మాత్రం, లేఖనంలో ఉన్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పలికించేంత వరకే. అంతకు మించినది ఏదైనా వేరే సాయంత్రం పెట్టుకోవాలి. నేను చాలా ఏళ్లుగా మా సంఘంలో క్రిస్మస్ నాటికలు, ఈస్టరు నాటికలు రాసి పిల్లలకూ పెద్దలకూ నేర్పిస్తున్నవాణ్ణి. ఇప్పటికీ రాస్తున్నాను. కాబట్టి నాటకమంటే గిట్టనివాడి మాటగా దీన్ని తీసుకోకండి.

మీ యవ్వనస్థులు తప్పకుండా ఎత్తే వాదన ఒకటుంది: "ప్రవక్తలు నటించి చూపించలేదా?" చూపించారు. యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము పటం గీసి, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు పోసి, ఇనుప రేకును గోడలా నిలబెట్టి, ఎడమ పక్కకు తిరిగి 390 దినాలు, కుడి పక్కకు తిరిగి 40 దినాలు పడుకున్నాడు. యిర్మీయా పెద్దల ఎదుట కుండ పగలగొట్టాడు. అగబు పౌలు నడికట్టుతో తన చేతులూ కాళ్లూ కట్టుకున్నాడు. అయితే వీటిలో ఏదీ ఆరాధన క్రమంలో భాగంగా జరగలేదు. యిర్మీయా కుండ పగలగొట్టింది హిన్నోము లోయలో, అగబు నడికట్టు కట్టుకున్నది ఫిలిప్పు ఇంట్లో. పైగా వాళ్లు ఇంకొకరి వేషం వేయలేదు, తమ బతుకునే గుర్తుగా నిలబెట్టారు. యెహెజ్కేలు భార్య చనిపోయినప్పుడు ఏడవకూడదని దేవుడు ఆజ్ఞాపించాడు, ఆయన ఏడవలేదు. తెర దించాక ఇంటికెళ్లి మామూలు మనిషి అయిపోయే వెసులుబాటు ఆయనకు లేదు. దేవుడు కంటికి కనిపించేలా కూడా మాట్లాడతాడని ఈ ఉదాహరణలు చెబుతాయి, కాదనను. కానీ ఆదివారం క్రమంలో నాటిక పెట్టమనడానికి అవి చాలవు.

ఇక పెద్దల వాదన. వాళ్ల వెనక నిజంగానే పాత సాక్షులున్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో టెర్టులియన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత ప్రదర్శనలకు విరోధంగా ఒక గ్రంథమే రాశాడు. తర్వాత బిషప్పు అయిన అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథంలో, చదువుకునే రోజుల్లో నాటకశాలకు అలవాటుపడి కల్పిత దుఃఖాలకు ఏడ్చిన సంగతి చెప్పి, సాయం చేయనక్కర్లేని చోట కలిగే జాలి ఏం జాలి అని నిలదీస్తాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. సిలువ సన్నివేశానికి వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లు గుమ్మం దాటకముందే కబుర్లలో పడటం మీరూ చూసే ఉంటారు. అయినా ఒకటి మరచిపోకూడదు. టెర్టులియన్ తిట్టిన ప్రదర్శనలు విగ్రహాల ఊరేగింపుతో మొదలయ్యేవి, మనుషుల్ని చంపి వినోదించేవి. పిల్లలు తలగుడ్డలు చుట్టుకుని గొర్రెల కాపరులుగా నిలబడటానికి ఆ మాటలు అంటగడితే ఎలాగండి?

పెద్దలకు బహుశా తెలియని సంగతి ఇంకొకటుంది. పడమటి దేశాల్లో క్రైస్తవ నాటకం పుట్టింది ఆరాధనలోనే. 970 ప్రాంతంలో ఇంగ్లండులో వించెస్టర్ బిషప్పు ఎథెల్‌వోల్డ్ సమకూర్చిన మఠాల నియమావళిలో ఈస్టరు తెల్లవారుజాము ప్రార్థన ఎలా జరగాలో రాసి ఉంది. తెల్లని అంగీ తొడుక్కున్న ఒక సన్యాసి చప్పుడు చేయకుండా వచ్చి, చేతిలో మట్టతో సమాధి దగ్గర కూర్చోవాలి. తర్వాత సమాధికి వచ్చిన స్త్రీలలా ముగ్గురు సన్యాసులు ధూపార్తులు పట్టుకుని, ఏదో వెదుకుతున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ రావాలి. ఎవరిని వెదుకుతున్నారని అతను పాడతాడు. నజరేయుడైన యేసును అని వీళ్లు. ఆయన ఇక్కడ లేడు, చెప్పినట్టే లేచాడు అని అతను. ముగ్గురూ ఖాళీ సమాధిగుడ్డను ఎత్తి చూపిస్తారు, స్తుతి గీతం మొదలవుతుంది, గంటలన్నీ మోగుతాయి. అంతే. అందులో సొంత కల్పన దాదాపు ఏమీ లేదు, సువార్తల్లో దేవదూత చెప్పిన మాటలే రాగం కట్టారు. ఇక చూస్తున్న మిగతా సన్యాసులు చూసి ఊరుకోరు, చివర్లో వాళ్లే పాట అందుకుంటారు.

అదే నాటకం మెల్లగా వీధుల్లోకి వచ్చాక ఏమైందో చూడండి. మధ్యయుగాల్లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో బండ్ల మీద 48 ఘట్టాలు ఆడేవారు. ఓడలు కట్టేవాళ్లకు నోవహు ఓడ కట్టే ఘట్టం అప్పగించేవారు, ఆ ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది. ఆ కాలపు నాటకాల్లో నోవహు భార్య ఓడ ఎక్కనని మొండికేసి మొగుడితో పోట్లాడే గయ్యాళి. జనం పడీ పడీ నవ్వేవారు. ఆదికాండములో ఆమె నోరు విప్పిన ఒక్క సందర్భం కూడా లేదు!

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. లేఖనం చాలాచోట్ల ఊరుకుంటుంది, నాటకం ఊరుకోలేదు. వేదిక మీద నిలబడ్డవాడు ఏదో ఒకటి మాట్లాడాలి, ఏదో ఒక మొహం పెట్టాలి. ప్రసంగీకుడైతే "ఇది నా ఊహ, వాక్యంలో లేదు" అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్తాడు, వినేవాళ్లకు అర్థమవుతుంది. వేషం కట్టినవాడికి ఆ వీలు లేదు. మరియ చీదరించుకున్నట్టు నటిస్తే, చూసినవాళ్ల మనసులో మరియ చీదరించుకున్నట్టే.

మా సండే స్కూల్లో ఒకసారి క్రిస్మస్ అయ్యాక పిల్లల్ని, సత్రం యజమాని యోసేపుతో ఏమన్నాడని అడిగాను. చేతులన్నీ లేచాయి. నాటికలో ఉన్న డైలాగు పొల్లుపోకుండా అప్పజెప్పారు. సరే, లూకా రెండో అధ్యాయం తీసి చూపించండి అన్నాను. ఒక పాప పేజీ అటూ ఇటూ తిప్పి, వేలు పెట్టి వెదికి, చివరికి తన బైబిల్లో అది అచ్చు పడలేదని తేల్చేసింది. "సత్రములో వారికి స్థలము లేనందున" అని తప్ప, యజమాని అనే మనిషే అక్కడ లేడు. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా లెక్క చెప్పలేదు, అదీ ఇలాగే స్థిరపడింది. ఆ పాపది చిన్న సంగతే, దిద్దితే సరిపోయింది. కాకపోతే అదే డైలాగును ఆదివారం ఆరాధనలో, పాటకూ వాక్యానికీ మధ్యన, ఆమేన్ చెప్పే చోట వినిపిస్తే దాని బరువు వేరు. సంఘం ఆ గంటలో విన్నదాన్ని దేవుని మాటగా వింటుంది.

ఈ కల్పన ప్రాణాంతకమైన సందర్భాలూ ఉన్నాయి. జర్మనీలోని ఒబెరామర్‌గావు ఊరివాళ్లు 1633లో తెగులు నుంచి తప్పించమని మొక్కుకుని 1634 నుంచి యేసు శ్రమల నాటకం ఆడుతున్నారు. సాధారణంగా పదేళ్లకోసారి ఆడతారు. 2020లో ఆడవలసింది మహమ్మారి వల్ల 2022కు జరిగింది. ఊరంతా కలిసి పడే శ్రమ గొప్పదే. కానీ చాలాకాలం ఆ నాటకంలో యూదులందరినీ రక్తదాహంతో కేకలేసే గుంపుగా చూపించారు. 1934లో 300 ఏళ్ల ప్రత్యేక ప్రదర్శనకు హిట్లర్ హాజరయ్యాడు. క్రీస్తు మరణాన్ని యూదులందరి మీదా మోపకూడదని 1965లో కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ ప్రకటించిన తర్వాతే ఆ నాటకపాఠం మీద ఒత్తిడి బాగా పెరిగింది, తర్వాతి దశాబ్దాల్లో దాన్ని మళ్లీ మళ్లీ దిద్దారు. మీ కుర్రాళ్లు పది నిమిషాల నాటికలో అంత పని చేస్తారని కాదు. పిలాతు ముందు గుంపును ఎలా నిలబెట్టాలి, ఎలాంటి దుస్తులు వేయాలి అని ఆలోచించేటప్పుడు మాత్రం ఈ చరిత్ర గుర్తుండాలి.

ప్రొటెస్టెంట్ సంస్కర్తలు కూడా నాటకాన్ని మొత్తంగా తోసేయలేదు. జెనీవాలో కాల్విను తర్వాత నాయకుడైన బేజా 1550లో అబ్రాహాము బలి మీద స్వయంగా నాటకం రాశాడు. కాకపోతే అది ఆరాధనలో భాగం కాదు. లేఖనం నియమించినదే ఆరాధనలో ఉండాలన్నది వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణాన్ని అనుసరించే ప్రెస్బిటేరియన్ లాంటి సంఘాల పట్టుదల. మీ సంఘం ఆ బాటలోదైతే చర్చ దాదాపు అక్కడితో ముగిసినట్టే, నెట్టకండి. లూథరన్, ఆంగ్లికన్ లాంటి సంఘాలైతే నిషేధం లేనిచోట స్వేచ్ఛ ఉందంటాయి, అక్కడ వివేచనే ముఖ్యం.

మరి ఆరాధనలో ఏది పనికొస్తుంది? నేను చూసినవాటిలో అన్నిటికన్నా బలమైనది గొంతులు పంచుకుని చదవడం. శుభ శుక్రవారం నాడు యోహాను 18, 19 అధ్యాయాలను ఇలా చదివే ఆచారం పాత సంఘాల్లో ఎప్పటినుంచో ఉంది. వృత్తాంతం ఒకరు, యేసు మాటలు ఒకరు, పిలాతు, పేతురు తలా ఒకరు, గుంపు మాటలు సంఘమంతా. రెండు అధ్యాయాలూ కలిపి 82 వచనాలు. వేషం లేదు, దీపాల హడావుడి లేదు, ఎవరి చోట వాళ్లు నిలబడి చదువుతారు.

మా సంఘంలో దీన్ని చేయించినప్పుడు "సిలువవేయుము, సిలువవేయుము" అన్న చోటికి వచ్చేసరికి ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ పుస్తకం మూసేసింది. పెదవులు బిగించుకుని కూర్చుంది. అందరూ చదివారు, ఆవిడ చదవలేదు. బయటికి వచ్చాక, "నా నోటితో ఎలా అనను బాబూ, అనకపోతే మాత్రం నేనేమైనా మంచిదాన్నా" అంది. నేను రాసిన ఏ నాటికా ఎవరితోనూ అంత మాట అనిపించలేదు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ప్రదర్శించలేదు, అందరూ లోపలే ఉన్నారు. చప్పట్లు కొట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

చప్పట్ల మాట వచ్చింది కాబట్టి పెద్దలకు కూడా ఒకటి చెప్పండి. నాలుగో శతాబ్దం చివర్లో పేరుమోసిన ప్రసంగీకుడు క్రిసోస్తోమ్ తన ప్రసంగాలకు జనం చప్పట్లు కొడుతున్నారని మందలించాల్సి వచ్చింది. అంటే నటన ప్రసంగ వేదిక మీద కూడా జొరబడుతుంది. సరిగ్గా ఫలానా చోట గొంతు వణికించే ప్రసంగీకులు, పొగ యంత్రాల మధ్య పాడే ఆరాధన బృందాలు ఉన్న రోజుల్లో, తలగుడ్డ చుట్టుకున్న పిల్లాణ్ణి మాత్రమే లోకరీతి అనడం న్యాయం కాదు.

యవ్వనస్థుల ఉత్సాహాన్ని చంపకండి. వాళ్లకు ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి. "ఇది నాటిక" అని ముందే ప్రకటించండి, బయటివాళ్లను పిలవండి, హాయిగా నవ్వుకోనివ్వండి, చప్పట్లు కొట్టనివ్వండి. అక్కడ కూడా నేను పాటించే పద్ధతులు కొన్నున్నాయి. ప్రభురాత్రి భోజనాన్నీ బాప్తిస్మాన్నీ వేదిక మీద నటించనివ్వను. "ఆయన మరణమును ప్రచురించుదురు" అని పౌలు చెప్పిన బల్ల సంఘానికి ఎలాగూ ఉంది, దానికి నకలు అక్కర్లేదు. యేసును వీలైనంత వరకు కనిపించనివ్వను, మాటలు మాత్రమే వినిపిస్తాయి. తప్పనిసరై వేషం వేయిస్తే అది ప్రతిసారీ ఒకే కుర్రాడికి ఇవ్వను. ఊరికే వాడి పేరు పోయి "యేసయ్య తమ్ముడు" అని పిలవడం మొదలెడతారు, వాడు వీధిలో చేసే ప్రతి పనికీ అదే తగిలిస్తారు. సిలువ సన్నివేశం అవగానే కానుకల సంచి తిప్పడం అస్సలు వద్దు. నాటిక ఎంత బాగా పండినా చివర్లో ఆ భాగాన్ని బైబిలు తెరిచి చదివించాలి, ఇంటికి వెళ్లేటప్పుడు చెవిలో ఉండే చివరి మాటలు అవే కావాలి.

ఈ వారమే మీరు చేయగల పని ఒకటుంది. స్క్రిప్టు అడిగి తీసుకోండి. లేఖనంలో లేని ప్రతి మాట కింద ఎర్ర సిరాతో గీత గీయమని రాసినవాళ్లకే చెప్పండి. గీతలు వేరొకరు గీస్తే గొడవ అవుతుంది, వాళ్లే గీస్తే కాదు. ఆ కాగితాలు పాస్టర్ గారి ముందూ పెద్దల ముందూ పెట్టండి. ఎర్ర గీతలు లేని భాగాన్ని ఆదివారం గొంతులు పంచుకుని చదవమనండి, మిగతాది సాయంత్రం వేయమనండి.