హైడెల్‌బర్గ్ కోటకు ఒక్క రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే సెప్టెంబరులో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాము. ఒక ఆదివారం హైడెల్‌బర్గ్ కోట చూపిస్తానంటున్నాడు. అది సగం కూలిపోయిన కోట అని విన్నాను. ఖిలా వరంగల్ పక్కనే పుట్టి పెరిగిన మాకు, కూలిన రాళ్లు చూడడానికి అంత దూరం పోవాలా అనిపిస్తోంది. పైగా మా వారికి మోకాళ్ల నొప్పులు. ఒక్క రోజు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఖిలా చూసిన కళ్లతో చూస్తే ఆ కోట మీకు ఇతర యాత్రికులకన్నా బాగా అర్థమవుతుందని నా నమ్మకం. మన దగ్గర 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత స్వయంభూ దేవాలయం నేలమట్టమైంది. దానికి నాలుగు దిక్కులా ఉన్న తోరణాలు మాత్రం నిలిచాయి. హైడెల్‌బర్గ్‌లో వరస వేరు. అక్కడ ఒట్‌హైన్రిష్ భవనం ముఖభాగం శిల్పాలతో సహా నిటారుగా నిలబడి ఉంటుంది. పై కిటికీల్లోంచి చూస్తే వెనుక గది కనపడదు, ఆకాశం కనపడుతుంది.

ఆ కోటను ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ సైన్యాలు 1689లో ఒకసారి, 1693లో మరొకసారి ధ్వంసం చేశాయి. మళ్లీ బాగుచేసుకుంటూ ఉండగా 1764లో పిడుగుపడి కాలిపోయింది. ఆ తరువాత ఊరివాళ్లు ఇళ్లు కట్టుకోవడానికి దాని రాళ్లనే తీసుకుపోసాగారు. ఇది మనకు తెలియని సంగతి కాదు. విచిత్రమేమిటంటే, 1810లో అక్కడికి వచ్చి ఆ దోపిడీని అడ్డుకున్న షార్ల్ ద గ్రాంబెర్గ్ ఫ్రాన్సు దేశస్థుడే. పంతొమ్మిదవ శతాబ్దం చివర కోటను తిరిగి కట్టాలా, ఉన్నది ఉన్నట్టు కాపాడాలా అని జర్మనీలో పెద్ద వాదమే నడిచింది. ఫ్రీడ్రిష్ భవనాన్ని మాత్రం బాగుచేసి, మిగిలినదాన్ని శిథిలంగానే వదిలేశారు. ముంగిలిలో నిలబడి ఫ్రీడ్రిష్, ఒట్‌హైన్రిష్ భవనాలను ఒకదాని తరువాత ఒకటి చూడండి. ఏది మేలైన నిర్ణయమో మీ ఇంటాయనతో వాదించుకోవడానికి కావలసినంత సరుకు దొరుకుతుంది. నా ఓటు మాత్రం ఆకాశం కనిపించే కిటికీలకే. అక్కడినుంచి తూర్పు పక్కకు వెళ్తే పేల్చేసిన బురుజు ఉంటుంది. ఆరు మీటర్లకు పైగా మందమున్న గోడలో ఒక పెద్ద ముక్క, ముక్కలు చెక్కలు కాకుండా అలాగే జారి కందకంలో పడి ఉంది.

ఇక మోకాళ్ల విషయం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలులో గంట ప్రయాణం. హైడెల్‌బర్గ్ స్టేషన్ పాత ఊరికి దూరం కాబట్టి నడవకండి. బస్సెక్కి రాట్‌హౌస్ బెర్గ్‌బాన్ అనే స్టాపులో దిగితే, అక్కడే తాడుతో లాగే కొండరైలు ఉంటుంది. కోట టికెట్టులోనే దాని రానుపోను చార్జీ, పెద్ద వైన్ పీపా, ఔషధాల మ్యూజియం కలిసి ఉంటాయి. కోట లోపలి గదులను మాత్రం గైడుతో కలిసి, వేరే టికెట్టుతో చూడాలి. నేనైతే ఆ గదులు మానుకుని, ఆ సమయాన్ని మ్యూజియంలో గడపమంటాను. ముంగిలిలో రాళ్లు పరిచి ఉంటాయి కనుక మెత్తని బూట్లు వేసుకోవాలి.

ఉదయమే కోట ముగించుకుని మధ్యాహ్నం కిందికి దిగండి. నెకర్ నది మీద 1788లో పూర్తయిన పాత వంతెన మధ్యదాకా నడిచి వెనక్కి తిరిగితే, ఎర్రని ఇసుకరాతి కోట మొత్తం ఒక్కచోట కనిపిస్తుంది. నది అవతల తత్వవేత్తల బాటకు ఎక్కే దారి మెట్లతో నిటారుగా ఉంటుంది. మీ వారిని అటు తీసుకుపోవద్దు. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి కాబట్టి కొనుగోళ్లకు ఆశపడకండి. మీరు శాకాహారులైతే పులిహోర డబ్బా, నాలుగు సకినాలు సంచిలో వేసుకోవడం మంచిది. ఇంత చూడడానికి ఒక్క రోజు చాలు.

ప్రశ్న: మేమూ ఆ ఊరికే వెళ్తున్నాము. వైన్ ముట్టని మాకు కోటలోని పెద్ద పీపాతో ఏం పని?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: దానిని వైన్ పీపాగా కాక శిస్తు పాత్రగా చూడండి. ద్రాక్ష రైతులు పన్నుగా ఇవ్వవలసిన వైన్‌ను, దొర గడిలోని గుమ్మిలో వడ్లు పోసినట్టు, తెచ్చి అందులో పోసేవారు. అందరి సరుకూ ఒక్కటిగా కలిస్తే రుచి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఇప్పుడున్నది 1751 నాటిది. సుమారు 2,20,000 లీటర్లు పడుతుంది, పైన నాట్యం చేయడానికి వేదిక కూడా ఉంది. అయితే ఒక జాగ్రత్త: లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యేది చిన్న పీపా. అదే పెద్దదనుకుని ఫొటో తీసుకుని వెనుదిరిగేవారు చాలామంది. అసలుది ఆ పక్క గదిలో ఉంటుంది.