సంగటితో ఎముక ముక్క మింగేశాను, భయపడాలా?

అనంతపురంలో సంగటి, నాటుకోడి పులుసు తింటూ ఎముక ముక్క మింగేశానని, టెన్షన్‌గా ఉందని అడిగారు. సంగటిని మనం నమలం కదా, ముద్దను పులుసులో అద్ది మింగేస్తాం. అందుకే ముక్క ఉన్నట్టు నోటికి తెలియదు.

బియ్యంలో రాయి, రేగు గింజ లాంటి చిన్న, నున్నటివి మామూలుగా 2-3 రోజుల్లో, ఒక్కోసారి వారానికి విరేచనంలో పోతాయి. మొనదేలిన ఎముకైతే మాత్రం ఈరోజే డాక్టరుకు చూపించండి. గొంతులో గుచ్చుకుంటున్నా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, ఛాతీలోనో కడుపులోనో నొప్పి, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, జ్వరం ఉన్నా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

దయచేసి అన్నం ముద్దలు మింగి దాన్ని కిందికి నెట్టాలని చూడకండి, వేలు పెట్టుకుని వాంతి చేసుకోకండి. లోపల గీసుకుపోతుంది. పిల్లలు బటన్ బ్యాటరీ (వాచీలు, బొమ్మల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ) మింగితే నొప్పి లేకపోయినా ఆగొద్దు, 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.