ముందు సిల్లులు, తర్వాతే ఇంజను

చిరంజీవి కిరణ్‌కు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఎంజీ వాళ్ల పైకప్పులేని స్పోర్ట్స్ కారు, అదీ క్రోమ్ బంపర్లది. మంచి బండే పట్టావు. కానీ నీ ఉత్తరం నిండా ఇంజను కబుర్లే. తుప్పు గురించి మాత్రం "కింద కొంచెం ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఆ కింద ఉన్నదే అసలు సంగతిరా.

ఈ కారుకు విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. పైకప్పు కూడా లేదు కాబట్టి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య భారం చాలావరకు మోసేవి డోర్ల కింద ఉండే రెండు సిల్లులే. బయటికి కనిపించే రేకు ఒక్కటే సిల్ అనుకోకు. దాని వెనక నిలువుగా ఇంకో రేకు ఉంటుంది, దాన్ని మెంబ్రేన్ అంటారు. అడుగున క్యాజిల్ రైల్ అనే మడత రేకు. ఇవన్నీ కలిసి పెట్టెలా మూసుకుంటేనే బలం. పైగా ఆ పెట్టె డోరు దగ్గరే ఆగిపోదు, ముందు మడ్‌గార్డ్ కిందికీ వెనక మడ్‌గార్డ్ కిందికీ సాగి ఉంటుంది. అమ్మకానికి ముస్తాబు చేసేవాళ్లు కనిపించే మేరకు కొత్త రేకు తొడిగి, పుట్టీ పట్టించి రంగు కొట్టేస్తారు. పైన పటారం, లోన లొటారం. నీ బండి ఫోటోలో ముందు మడ్‌గార్డ్ అడుగు అంచు దగ్గర రంగు ఉబ్బి ఉంది చూడు, నాకు అక్కడే అనుమానం.

అయస్కాంతం పట్టుకుని సిల్ పొడవునా జరుపు. పట్టు సడలిన చోట పుట్టీ ఉన్నట్టే. లోపల కార్పెట్ లేపి, ఫ్లోర్ సిల్‌కు అతికే అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. తర్వాత డోరు మూసి, దాని వెనక అంచుకూ బాడీకీ మధ్య సందు చూడు. పైన ఇరుకై కింద వెడల్పయితే బండి నడుం కుంగినట్టు.

కోత మొదలుపెట్టే ముందు బండిని సమంగా, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టు. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పెయ్. వెనక వైపు వెల్డింగ్ చేసేటప్పుడు పెట్రోలు ట్యాంకు బండికి ఉండనే కూడదు. డోరు కమ్మీల మధ్య, కీళ్ల వైపు నుంచి తాళం వైపుకి, చదరపు గొట్టాలతో అడ్డకట్టు వెయ్యి. డోరు మూయడానికి అడ్డం రాకుండా లోపలి వైపు వెయ్యి. ఒక్కో వైపు మాత్రమే కొయ్యి, రెండు సిల్లులూ ఒకేసారి విప్పకు. కొత్త రేకును ముందు చుక్కలు చుక్కలుగా అంటించి, డోరు బిగించి, సందు సరిచూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. ఏకధాటిగా లాగితే వేడికి రేకు మెలి తిరుగుతుంది, కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ వేస్తూ పో. వంకరగా అతికిన సిల్‌ను తర్వాత ఎవరూ సరిచేయలేరు, మళ్లీ కోయాల్సిందే.

సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలు, వెనక స్ప్రింగులు తగిలించే చోట్లు కూడా చూడు. అంతా పోయిందని తేలితే దిగులుపడకు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త షెల్లులు, అంటే ఖాళీ బాడీలు, చేస్తున్నారు. రిపేరు లెక్కా షెల్ ధరా పక్కపక్కన పెట్టి చూసుకో.

ఇక ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను పెట్టాలన్న నీ కోరిక. 3.5 లీటర్ల రోవర్ వీ8 అల్యూమినియంది, పాత ఇనుప ఇంజను కన్నా పెద్ద బరువేమీ ఉండదు, ఆ మాట నిజమే. కానీ ఎంజీ వాళ్లు 1973లో ఆ ఇంజను పెట్టింది పైకప్పున్న జీటీలోనే. ఎంజీబీ రోడ్‌స్టర్‌ను వీ8తో అమ్మనే లేదు. కప్పులేని పాత బాడీకి అంత బలం తగిలిస్తే బ్రేకులు, రియర్ యాక్సిల్, రేడియేటర్ అన్నీ మార్చుకుంటూ పోవాలి. రిజిస్ట్రేషన్‌లో ఇంజను వివరాలు మార్పించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి. నా మాట వింటే ఉన్న ఇంజనునే బాగుచేయించు. నీది అయిదు బేరింగుల 1798 సీసీ, గట్టి పిండం. బ్లాక్ గోడల మందం పరీక్ష చేయించి, సరిపడా ఉంటే సిలిండర్లను 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వెడల్పుగా బోర్ చేయించు, 1868 సీసీ అవుతుంది. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించు, ఎందుకంటే పాత సీట్లను అరక్కుండా కాపాడిన సీసం పెట్రోలు ఇక్కడ బ్రిటన్‌లో 2000 మొదట్లోనే పోయింది. వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ మరీ రేసు రకం వద్దు, ట్రాఫిక్‌లో నలిగిపోతావు. ఎస్‌యూ కార్బ్యురేటర్ల సూదులు మార్చి రోలింగ్ రోడ్ మీద, అంటే చక్రాలు రోలర్ల మీద తిరిగే పరీక్ష యంత్రం మీద, ట్యూన్ చేయించు. గేరుబాక్స్‌కు ఓవర్‌డ్రైవ్ (ఇంజను వేగం తగ్గించే అదనపు పై గేరు) లేకపోతే పెట్టించు, మోటార్‌వే మీద నీకు అదనపు హార్స్‌పవర్ కన్నా అదే సుఖం.

కొత్త క్యామ్‌తో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడ్లింగ్‌లో వదలొద్దు. క్యామ్ మీది ఉబ్బులకు, అంటే లోబ్‌లకు, అసెంబ్లీ గ్రీజు పూసి, 2000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు నడపాలి. ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ ఎక్కువున్న రకం. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేసి, పది శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ10 జోలికి పోకుండా, అయిదు శాతం లోపే ఉండే ఈ5 పోయించు.

రంగు పని అయ్యాక సిల్లుల లోపలికి వ్యాక్స్ కొట్టించు, అడుగున నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోకుండా చూసుకో. మొదటి సిల్ ఎప్పుడు కోస్తావో ముందే చెప్పు. శనివారం అయితే నేనూ వస్తాను, డోరు సందు చూడ్డానికి ఇంకో జత కళ్లుంటే మంచిది. అక్కకు, బావగారికి నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య