రెజిల్‌మేనియా వారం: రోడ్డు మీద రెండు రోజులు, బరి ముందు నాలుగు రోజులు

డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కుస్తీ వినోద సంస్థ ఏటా జరిపే అతి పెద్ద ఉత్సవం రెజిల్‌మేనియా. 2025 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో జరిగిన 41వ రెజిల్‌మేనియాకు మిత్రులతో కలిసి కారులో వెళ్ళివచ్చిన సంగతి ఇదే శీర్షికలో ఒకసారి రెండు మాటల్లో రాశాను. ఆ రెండు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో అయిదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా తమ్ముడూ నేనూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. విజయవాడలో బడి వెనక చెట్టు కింద ట్రంప్ కార్డులు ఆడుకున్న రోజుల నుంచి ఇద్దరికీ ఈ పిచ్చి ఉంది. 2026లో కూడా ఏప్రిల్ 18, 19 తేదీల్లో రెజిల్‌మేనియా వేగాస్‌లోనే కాబట్టి కారులో వెళ్ళాలనుకుంటున్నాం. ఆ వారమంతా ఏవేవో పోటీలు ఉంటాయట. అన్నీ చూడగలమా? ఏవి వదులుకోవచ్చు?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: అన్నీ చూడలేరు, చూడాలని ప్రయత్నించడం కూడా మంచిది కాదు. మేము ఆ పొరపాటే చేశాం కనుక కొంత వివరంగా చెబుతాను.

2025లో ఆ వారం ఎలా నడిచిందంటే, శుక్రవారం 18న టీ-మొబైల్ అరీనాలో స్మాక్‌డౌన్ అనే వారపు టీవీ ఆట జరిగింది. అది ముగిశాక ఫాంటెన్‌బ్లో హోటల్ థియేటర్‌లో రాత్రి పదింటి తరువాత, పాత యోధులను సన్మానించే హాల్ ఆఫ్ ఫేమ్ సభ మొదలైంది. శనివారం ఉదయం పదింటికే మళ్ళీ టీ-మొబైల్ అరీనాలో ఎన్‌ఎక్స్‌టీ అనే కొత్తవాళ్ళ విభాగం వారి 'స్టాండ్ అండ్ డెలివర్' ఆట, సాయంత్రం నాలుగింటికి అలీజియంట్ స్టేడియంలో రెజిల్‌మేనియా మొదటి రాత్రి, ఆదివారం రెండవ రాత్రి, సోమవారం సాయంత్రం 'రా' అనే మరో వారపు టీవీ ఆట. ఇవి ఒక్క సంస్థవి మాత్రమే. వీటికి తోడు పామ్స్ హోటల్‌లోని పెర్ల్ థియేటర్‌లో జీసీడబ్ల్యూ అనే చిన్న సంస్థ 'ది కలెక్టివ్' పేరుతో గురువారం నుంచే వరసగా ఆటలు వేసింది, వాటిలో కొన్ని అర్ధరాత్రి దాటాక కూడా నడిచాయి. ప్రతి ఏడూ ఈ అమరిక కొంత మారుతుంది కాబట్టి మీరు వెళ్ళే ఏటి జాబితాను చేతిలో పెట్టుకొని లెక్క వేసుకోండి.

శుక్రవారం రాత్రి హాల్ ఆఫ్ ఫేమ్ చూసి గదికి చేరేసరికి రెండు దాటింది. శనివారం ఉదయం పదింటికల్లా మళ్ళీ కుర్చీలో కూర్చున్నాం. అరీనా నుంచి స్టేడియానికి మాండలే బే హోటల్ దాకా వెళ్ళి, అక్కడ ఐ-15 హైవే పైనుంచి దాటే హసియెండా వంతెన మీద జనంతో పాటు నడవాలి, మొత్తం అరగంట పైచిలుకు పడుతుంది. ఎండలో నడిచి సాయంత్రానికి స్టేడియం చేరిన మాలో ఒకడు, దాదాపు ఏడాదిగా ఎదురుచూసిన సీఎం పంక్, రోమన్ రీన్స్, సెత్ రోలిన్స్ అనే ముగ్గురు యోధుల ముక్కోణపు పోటీ మధ్యలో, అరవై వేల మంది అరుస్తూ ఉండగా, తల వెనక్కి వాల్చి హాయిగా నిద్రపోయాడు. ఆ పోటీలో రోలిన్స్ గెలిచాడని వాడికి మేము చెప్పవలసి వచ్చింది. ఆ మాట ఎత్తితే వాడికి ఇప్పటికీ కోపం.

అందువల్ల నా సలహా ఇది: రెజిల్‌మేనియా రెండు రాత్రులు, సోమవారం 'రా', వీటితో పాటు ఏదో ఒక చిన్న హాలులో ఒక్క ఆట. హాల్ ఆఫ్ ఫేమ్ ప్రసంగాలను ఇంటికి వచ్చాక సోఫాలో కూర్చుని చూసుకోవచ్చు. సోమవారం 'రా' మాత్రం వదలకండి. దేశదేశాల నుంచి వచ్చి ఇంకా ఊరు విడిచి వెళ్ళని ముదురు అభిమానులంతా ఆ రోజు ఒకే చోట చేరతారు, బరిలో జరిగే దానికంటే గ్యాలరీలో పుట్టే నినాదాలే ఎక్కువ వినోదంగా ఉంటాయి. పైగా కొత్తవాళ్ళు రావడం, వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం అప్పుడే జరుగుతుంది. రూసెవ్ అనే యోధుడు తిరిగి వచ్చింది, బ్రాన్ బ్రేకర్ అనే మరొకడు వెళ్ళి రోలిన్స్ పక్కన చేరింది ఆ సోమవారమే.

ఇక దారి సంగతి. ఫ్రీమాంట్ నుంచి సుమారు 540 మైళ్ళు, ఆగుతూ పోతే తొమ్మిది పది గంటల ప్రయాణం. ఐ-5 మీద దక్షిణానికి దిగి, బేకర్స్‌ఫీల్డ్ దగ్గర 58వ నంబరు రోడ్డెక్కి, టెహాచపి కొండలు దాటి మొహావే మీదుగా బార్‌స్టో చేరితే అక్కడ ఐ-15 కలుస్తుంది. బార్‌స్టో దాటాక ఎడారి తప్ప మరేమీ ఉండదు కనుక పెట్రోలు, మంచినీళ్ళు ముందే చూసుకోండి. బేకర్ అనే చిన్న ఊళ్ళో 134 అడుగుల ఎత్తున్న ఉష్ణమాపకం కనిపిస్తుంది. 1913లో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు గుర్తుగా దాన్ని అంత ఎత్తున కట్టారు. మేము దాని నీడన డిక్కీ తెరిచి స్టీలు డబ్బాలోని పులిహోర తింటూ ఉంటే, పక్కన ఆగిన కారులోంచి భుజాన నకలు ఛాంపియన్ బెల్టు వేసుకున్న ఒక పెద్దమనిషి దిగి, మా వాడి టీషర్టు చూసి, ఒక్క మాట మాట్లాడకుండా చూపుడు వేలు ఆకాశం వైపు ఎత్తాడు. రోమన్ రీన్స్ అభిమానులు పలకరించుకునే తీరు అది. మావాడు పులిహోర అంటిన వేలునే ఎత్తి బదులిచ్చాడు. అక్కడి నుంచి వేగాస్ దాకా అటువంటి కార్లు చాలా కనిపించాయి. విమానంలో పోతే దొరకనిది ఇదే.

తిరుగు ప్రయాణాన్ని మంగళవారం ఉదయానికి పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా కాలిఫోర్నియా వైపు పోయే కార్లతో ఐ-15 రాష్ట్ర సరిహద్దు దగ్గర ప్రిమ్ వద్ద కదలకుండా నిలిచిపోవడం మామూలే. హోటలు గది అద్దె చూసి మురిసిపోవద్దు. మేము దిగిన హోటల్లో రిసార్ట్ ఫీజు అని రోజుకు విడిగా ఒక మొత్తం, కారు నిలిపినందుకు ఇంకొక మొత్తం కలిపేసరికి లెక్క తలకిందులయింది. ఈ రెండూ కలిపిన మొత్తాన్ని చూసిన తరువాతే గది తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి ముప్పై నాలుగేళ్ళు. ముందే రాసిపెట్టుకున్న పోట్లాట చూడడానికి ఇద్దరు పిల్లల తండ్రి ఒక నెల జీతం ఖర్చు పెట్టుకొని ఎడారిలో కారు తోలుకుంటూ పోయాడు. ఎవరు గెలవాలో ముందే తేల్చుకున్న కుస్తీలో చూడడానికి ఏముంటుందో దయచేసి చెప్పండి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తెనాలి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు చాలా సంతోషాన్నిచ్చింది. మీ ఊరు నాటకాల ఊరు. కృష్ణరాయబారం ఎలా ముగుస్తుందో తెలియని ప్రేక్షకుడు మీ ఊళ్ళో ఏనాడైనా ఉన్నాడా? సంధి కుదరదని తెలుసు, యుద్ధం తప్పదని తెలుసు, అయినా తెల్లవారుజాము దాకా నేల మీద కూర్చుని, కృష్ణుడు పద్యం అందుకుని రాగం తీస్తే 'వన్స్ మోర్' అని కేకలు వేసేవారు. కథ ఎటు పోతుందన్న ఆత్రం ఒకటి, దాన్ని ఎంత బాగా నడిపిస్తాడన్న ఆత్రం ఇంకొకటి. మీ అబ్బాయి రెండోదాని కోసం వెళ్ళాడు. పైగా ఇక్కడ ఫలితం రాసినవాడికి తెలుసుగాని చూసేవాడికి తెలియదు.

దీన్ని దాచడం కూడా ఎప్పుడో మానేశారు. 1989లో రెజిల్‌మేనియా జరిపే సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, మాది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. నిజమైన క్రీడలకు ఉండే నియంత్రణ నుంచి, పన్నుల నుంచి తప్పించుకోవాలంటే అలా చెప్పక తప్పలేదు. ఇప్పుడు స్టేడియంలో కూర్చున్న పదేళ్ళ పిల్లవాడికి కూడా ఈ సంగతి తెలుసు. తెలిసినా వాడి గొంతు తగ్గదు.

అయితే రాసిపెట్టింది ఫలితం మాత్రమే, దెబ్బ కాదు. 2025లో రెజిల్‌మేనియాకు ముందురోజు రాత్రి స్మాక్‌డౌన్‌లో రే మిస్టీరియో గాయపడ్డాడు, మరునాటి పోటీలో అతని స్థానంలో రే ఫీనిక్స్ దిగవలసి వచ్చింది. యాభయ్యో ఏట వారాల తరబడి ఎదురుచూసిన పోటీని ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న మనిషి బాధలో నటన ఏమీ లేదు.

మరొక్క సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ళు మంచివాడి వేషం కట్టిన జాన్ సీనా ఆ ఏడాది మార్చి 1న టొరంటోలో హఠాత్తుగా దుష్టుడయ్యాడు. ఏప్రిల్ 20న కోడీ రోడ్స్‌ను మోసంతోనే ఓడించి పదిహేడవ ప్రపంచ టైటిల్ గెలుచుకొని, రిక్ ఫ్లేర్ పేరిట ఉన్న పదహారు టైటిళ్ళ లెక్కను దాటాడు. నిజం చెప్పాలంటే ఆ పోటీ మందకొడిగా సాగింది, ముగింపు మాకెవరికీ నచ్చలేదు. కానీ బాల్యమంతా సీనా బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కున్న ముప్పై ఏళ్ళవాళ్ళు, అతన్ని తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక లేచి నిలబడి చేతులు నలుపుకుంటూ ఉండడం నేను కళ్ళారా చూశాను. ధర్మరాజు వేషం వేసే నటుడికి ఒక రాత్రి హఠాత్తుగా శకుని వేషం కట్టి రంగం మీదికి తెస్తే మీ ఊరివాళ్ళు ఏం చేసి ఉండేవారో ఊహించుకోండి. మీ అబ్బాయి ఖర్చు విషయంలో మాత్రం నేను మీ పక్షమే. నెల జీతం ఎక్కువ, అందులో సగంతో కూడా ఈ ప్రయాణం చేయవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. మహిళా రెజ్లర్ రియా రిప్లీ అంటే ప్రాణం. అంత జనంలోకి, అంత గోలలోకి పిల్లను తీసుకువెళ్ళవచ్చా? కుర్చీలు ఎక్కడ తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: నిస్సంకోచంగా తీసుకువెళ్ళండి అమ్మా. 2025లో ఆదివారం రాత్రి మొదటి పోటీ ఐయో స్కై, బియాంకా బెలేర్, రియా రిప్లీల మధ్య జరిగింది. రిప్లీ గెలవలేదు, ఐయో స్కై తన బెల్టు నిలబెట్టుకుంది. అయినా రెండు రాత్రులలోనూ అంతకు మించిన పోటీ లేదని నా అభిప్రాయం. మా ముందు వరసలో నల్ల రంగు పెదవులకు పూసుకొని వచ్చిన ఒక చిన్నపిల్ల రిప్లీ ఓడిపోగానే కంటనీరు పెట్టుకుని, రెండు నిమిషాలకే ఐయో స్కైకి చప్పట్లు కొట్టింది.

బాణసంచా చప్పుడు పెద్దవాళ్ళకే గుండె అదిరేలా ఉంటుంది కాబట్టి పిల్లకు చెవులు కప్పే మఫ్‌లు తప్పక తీసుకువెళ్ళండి. అలీజియంట్ స్టేడియంలోకి 12 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు మించని పారదర్శకమైన సంచిని మాత్రమే అనుమతిస్తారు, లోపల నోట్లు చెల్లవు, కార్డు ఉండాలి. నేల మీది కుర్చీలకు డబ్బు పోయకండి. ముందువాళ్ళు లేచి నిలబడితే తొమ్మిదేళ్ళ పిల్లకు వీపులు తప్ప మరేమీ కనిపించవు. పక్కల మెట్లుగా ఉండే వరసల్లో, వేదికకు వెనక పడని చోట, మొదటి అంతస్తు పైభాగం మీకు సరిపోతుంది. అట్టముక్క మీద అమ్మాయి చేతే ఏదైనా రాయించి తీసుకువెళ్ళండి. ఈ ఆటలో అట్టలెత్తడం పాత ఆచారం.

ప్రశ్న: టిక్కెట్లు ముందే కొనాలా, చివరి రోజుల్లో కొనాలా?
– ఒక పాఠకుడు, శాక్రమెంటో

జవాబు: ధరలు గిరాకీని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. కుటుంబంతో వెళ్ళేవారు నలుగురూ ఒకచోట కూర్చోవాలంటే ముందే కొనాలి. ఒంటరిగా వెళ్ళేవారు పోటీ రోజు దాకా ఆగి, తిరిగి అమ్మే టిక్కెట్లలో ఒక్క కుర్చీ వెతుక్కుంటే తరచు లాభపడతారు. స్టేడియం బయట మనుషుల చేతుల్లోంచి మాత్రం కొనకండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. వేగాస్ నాకు అందని మాట. ఉద్యోగం వచ్చాక వెళ్ళాలని ఇప్పటి నుంచే డబ్బు దాచుకోవాలా, లేక ఇక్కడే అటువంటిది చూసే అవకాశం ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకొని లేచి చూసే ఆ రెండు రోజులు, వేగాస్‌లో మేము సాయంత్రం నాలుగింటికి కూర్చుని చూసేవే. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి ఇవి నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి కాబట్టి ఆ మేరకు మీకు లోటు లేదు.

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వారే సూపర్‌స్టార్ స్పెక్టకిల్ అనే ఆట జరిపారు. జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా లుడ్విగ్ కైజర్, జొవానీ విన్చీలను ఓడించారు. అది సుమారు అయిదు వేల మంది పట్టే హాలు. వేగాస్‌లో రెండు రాత్రులకు కలిపి ప్రకటించిన జనసంఖ్య 1,24,693. అంత జనంలో మేము సీనాను తెర మీదే ఎక్కువ చూశాం, మనిషి కనిపించింది బొటనవేలంత. గచ్చిబౌలిలో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా అతని ముఖం కనిపించి ఉంటుంది.

ఆ వారంలో నాకు ఇప్పటికీ గుర్తున్నది కూడా పెద్ద స్టేడియం కాదు. పామ్స్ హోటల్ థియేటర్‌లో జరిగిన బ్లడ్‌స్పోర్ట్ అనే ఆటలో బరికి తాళ్ళు ఉండవు, నాలుగు వైపులా ఖాళీ, అంచు దాటితే కింద పడటమే. అందుకని డబ్బు దాచుకోండిగాని, ఈలోగా గచ్చిబౌలికి మళ్ళీ అటువంటి ఆట వస్తే ముందు దానికి టిక్కెట్టు కొనండి, కుదిరితే మొదటి పది వరసల్లో. బరిలో గుడ్డ కింద ఉండేవి చెక్క పలకలు, ఇనుప దూలాలు. ఎత్తి వేసిన మనిషి వీపు వాటి మీద పడ్డప్పుడు వచ్చే చప్పుడు అక్కడ మైకు లేకుండానే మీ చెవిన పడుతుంది.