గవర్నర్ కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మేం అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో గ్రేడ్. కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటే, పొలిటికల్ సైన్స్ చదివి గవర్నర్ అవుతానంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చెప్పమంటారు? - ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ పాప కోరిక గాలిలో మేడ కాదు. ఇండియాలో గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. మీ దగ్గర జనమే ఓటేసి ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రిలా ఆ రాష్ట్ర పాలన నడిపేది ఆయనే. మేరీల్యాండ్ రాజ్యాంగం ప్రకారం గవర్నర్‌కు 30 ఏళ్లు నిండాలి, ఎన్నికకు ముందు ఐదేళ్లు అక్కడే ఉంటూ ఓటరుగా నమోదై ఉండాలి. ఫలానా డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు.

ఉదాహరణకు మీ రాష్ట్రంలోనే అరుణా మిల్లర్ అనే నాయకురాలు ఉన్నారు. ఆమె 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చారు. మిస్సోరీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. రోడ్లు, ట్రాఫిక్, బడికి నడిచి వెళ్లే పిల్లల భద్రత - ప్రభుత్వం మనిషికి నేరుగా తగిలే చోటు అది. అక్కడ నేర్చిన పాఠం ఏ పొలిటికల్ సైన్స్ క్లాసులోనూ దొరకదని నా నమ్మకం. 2010లో రాష్ట్ర చట్టసభకు ఎన్నికయ్యారు. ఆ సభ ఏటా 90 రోజులే సమావేశమవుతుంది కాబట్టి చాలామంది సభ్యులకు వేరే ఉద్యోగం ఉంటుంది. ఆమె కూడా కొన్నేళ్లు ఇంజినీరుగా కొనసాగారు.

మీరు పాపకు తప్పకుండా చెప్పాల్సింది 2018 సంగతి. ఆమె చట్టసభ సీటు వదులుకుని అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, పోటీపడ్డారు. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే రెండో స్థానంలో ఆగిపోయారు. చేతిలో పదవి లేదు. 2021 డిసెంబరులో, గవర్నర్ పదవికి పోటీ చేస్తున్న వెస్ మూర్ ఆమెను తన జోడీగా, అంటే లెఫ్టినెంట్ గవర్నర్ (ఉప గవర్నర్) అభ్యర్థిగా ఎంచుకున్నారు. అక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ ఒకే ఓటుతో గెలుస్తారు. 2023 జనవరిలో ఆమె లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు.

అందుకే మీరిద్దరూ పంతం వదలండి. చేతిలో ఒక వృత్తి ఉంటే ఓడిన ఏడాది కూడా ఇల్లు గడుస్తుంది. మీ భయం అదేగా? అయితే ఆ వృత్తి కంప్యూటరే కానక్కర్లేదు. సివిల్, ప్రజారోగ్యం, లా, టీచింగ్ - ఏదైనా జనంతో పని పడేదైతే మేలు. పొలిటికల్ సైన్స్ మీదే మనసుంటే ఎకనామిక్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ జతచేసి డబుల్ మేజర్ (రెండు ప్రధాన సబ్జెక్టులతో డిగ్రీ) చేయనివ్వండి.

కాలేజీ దాకా ఆగక్కర్లేదు కూడా. మేరీల్యాండ్‌లో 16 ఏళ్లు నిండినవాళ్లు పోలింగ్ కేంద్రంలో ఎలక్షన్ జడ్జిగా, అంటే పోలింగ్ సిబ్బందిగా పనిచేయొచ్చు. దానికి డబ్బు కూడా ఇస్తారు. దరఖాస్తు చేయించండి. పొద్దున్నే పాపను కారులో మీరే దింపండి. రాత్రి ఇంటికొచ్చాక తను చెప్పే కబుర్లు వినండి, కాలేజీ ఫారాలు ఆ తర్వాత తీయండి.